ఏ4, సీ200, 330ఎల్‌ఐ, సీల్: మన రోడ్ల మీద అసలు పికప్ దేనిది?

నిజాంపేట_నవీన
అందరికీ నమస్కారం. ప్రస్తుతం ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ 1.5 నడుపుతున్నాను. బండికి వంక పెట్టాల్సిందేమీ లేదు. ఇంట్లోవాళ్లకి పెద్ద బండి కావాలి, నాకేమో ఇంకాస్త ఉరికే బండి కావాలి. ఆన్‌రోడ్ 80 లక్షలు దాటకూడదు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఆయన ఎప్పుడూ వెనకే కూర్చుంటారు. వారం రోజులూ ఆఫీసుకి, తరచూ గుంటూరుకి. డ్రైవర్ లేడు, నేనే నడుపుతాను.

కంపెనీలు చెప్పే అంకెలు రాసుకున్నాను (పీఎస్ అంటే ఇంజను శక్తి, ఎన్‌ఎం అంటే టార్క్, తిప్పే బలం). ఆడి ఏ4 40 టీఎఫ్‌ఎస్‌ఐ: 204 పీఎస్, 320 ఎన్‌ఎం, సున్నా నుంచి వందకి 7.1 సెకన్లు. మెర్సిడెస్ సీ200: 204 పీఎస్, 300 ఎన్‌ఎం, 7.3 సెకన్లు. బీఎండబ్ల్యూ 330ఎల్‌ఐ: 258 పీఎస్, 400 ఎన్‌ఎం, 6.2 సెకన్లు. వీటి పక్కన ఎలక్ట్రిక్ బండి బీవైడీ సీల్ ప్రీమియం: 313 పీఎస్, 5.9 సెకన్లు. కాగితం చూస్తే సీల్ తీసుకుని గమ్మున ఉండాలి. కానీ ఈ అంకెలు నమ్మి బండి కొనొచ్చా? నడిపినవాళ్లు చెప్పండి.

పాత_క్లచ్
బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే, బెంజ్ ఏ క్లాస్ లిమోజిన్ ఎందుకు వదిలేశారండీ? లగ్జరీలో మొదటి మెట్టు అంటే అవే కదా.

గచ్చిబౌలి_గేర్
మొదటి మెట్టే, కానీ నవీన గారు ఇప్పటికే దాని మీద ఉన్నారు. 2025లో వచ్చిన 2 సిరీస్ 218లో ఉన్నది 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్. 156 పీఎస్, 230 ఎన్‌ఎం. వర్టస్ జీటీలో 150 పీఎస్, 250 ఎన్‌ఎం. సీట్లు మారతాయి, స్టీరింగ్ మారుతుంది, లోగో మారుతుంది, వీపు సీటుకి అతుక్కోవడం మాత్రం మారదు. బెంజ్ ఏ క్లాస్ ఏ200ది ఇంకా తమాషా. అందులో ఉన్న 1.3 టర్బో రెనో, నిస్సాన్, డైమ్లర్ కలిసి చేసుకున్నది. ఆ కుటుంబం ఇంజనే 2020లో మన డస్టర్‌లోకి 156 పీఎస్‌తో వచ్చింది. మంచి ఇంజనే. కాకపోతే బెంజ్ నక్షత్రం చూసి పికప్ ఆశించేవాళ్లకి ఈ సంగతి ముందే తెలియాలి.

బెజవాడ_బెంజ్
డస్టర్ మాట ఎత్తకండి సార్, మా బావ ఏ200 కొన్నాడు. ఇది చూశాడంటే పండక్కి మా ఇంటికి రాడు.

గచ్చిబౌలి_గేర్
హహ. సరే, నవీన గారి ప్రశ్నకి వస్తాను.

సున్నా నుంచి వంద అనే లెక్క మనం రోజూ చేసే పని కాదు. ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో యాక్సిలరేటర్ తొక్కి పట్టి ఒక్కసారిగా వదలడం ఎవరు చేస్తారు? మనకి పనికొచ్చేది 60 నుంచి 100, 80 నుంచి 120. అంటే అప్పటికే నడుస్తున్న బండి ఎంత త్వరగా అందుకుంటుంది అన్నది. ఆ లెక్కలో గేర్‌బాక్స్ సగం పెత్తనం చేస్తుంది.

నేను ఈ మూడింటినీ శ్రీశైలం రోడ్డు మీద నడిపాను, స్నేహితుల పుణ్యమా అని. ఆమనగల్లు దాటాక రెండు వరసల రోడ్డు. ముందు గడ్డి లోడు ట్రాక్టరు, దాని వెనక బస్సు, ఆ వెనక నేను, అరవైలో. ఎదర ఖాళీ కనిపించగానే తొక్కాను.

ఏ4లో: తొక్కిన క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత రెండు గేర్లు దిగి ఒకేసారి లాగుతుంది. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ కదా, పై గేరు సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది, మనం అడిగేది కిందిది. స్టీరింగ్ వెనక ఉండే ప్యాడిల్‌తో ముందే ఒక గేరు దించి పెట్టుకుంటే ఈ ఆలస్యం మాయం. 320 ఎన్‌ఎం 1450 ఆర్‌పీఎం నుంచే ఉంటుంది కాబట్టి ఒకసారి కదిలాక ఊపిరి తిరగనివ్వదు.

సీ200లో: మొదటి తోపు వెంటనే వస్తుంది. 48 వోల్టుల స్టార్టర్ జనరేటర్ టర్బో తిరిగేలోపు 20 పీఎస్ దాకా చేయందిస్తుంది. ఆ తర్వాత తెలుస్తుంది లోపల ఉన్నది 1.5 లీటరే అని. తొమ్మిది గేర్లలో ఏది కావాలో వెతుక్కుంటూ ఇంజను గట్టిగా అరుస్తుంది. లాగదని కాదు, కష్టపడుతున్నట్టు వినిపిస్తుంది. ఇంత డబ్బు పెట్టి ఆ చప్పుడు వినడం నాకైతే నచ్చలేదు.

330లో: ఆలోచన కూడా రాదు. బస్సు, ట్రాక్టరు రెండూ అద్దంలో ఉంటాయి. రెండు లీటర్ల ఇంజను, 1550 నుంచే 400 ఎన్‌ఎం, జడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. ఆ గేర్‌బాక్స్‌కి నేను వీరాభిమానిని, ఇక్కడ పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

కాగితం మీద ఏ4కి, 330కి తేడా సెకను కూడా లేదు. ఎదురుగా లారీ లైట్లు కనిపిస్తున్నప్పుడు ఆ తేడా కాగితం చెప్పినదానికంటే చాలా ఎక్కువ.

డీజిల్_మామ
అందరూ పెట్రోల్ భజనే చేస్తున్నారు. సీ220డీ: 200 పీఎస్, 440 ఎన్‌ఎం, వందకి 7.3 సెకన్లు. అంటే సీ200తో సమానం. కానీ పై గేరులో, ఇంజను నిద్రపోతున్నట్టు తిరుగుతున్నప్పుడు తొక్కి చూడండి. గేరు దిగే అవసరమే పెద్దగా రాదు. గుంటూరు దాకా ఏసీ వేసుకుని నలుగురితో వెళ్తే పెట్రోల్ బండి కంటే హాయి. పైగా ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్) గొడవ లేదు.

పాత సీ300డీ దొరికితే ఇంకా మంచిది. 265 పీఎస్, 550 ఎన్‌ఎం, 5.7 సెకన్లు. అది డీజిల్ అంటే ఎవరూ నమ్మరు.

నిజాంపేట_నవీన
డీజిల్ మామ గారూ, ఆఫీసు ఇంటికి దగ్గరే. రోజూ తిరిగేది తక్కువ, అదీ ట్రాఫిక్‌లో. డీజిల్ సరిపడుతుందా?

డీజిల్_మామ
అలా అయితే వద్దమ్మా. పొగగొట్టంలో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి వేడెక్కి, కాసేపు ఆగకుండా హైవే వేగంతో నడవాలి. రోజూ నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి పాకే బండిలో అది నిండుతూనే ఉంటుంది. వారానికోసారి ఓఆర్‌ఆర్ ఎక్కించే ఓపిక ఉంటే సరే, లేకపోతే పెట్రోలే నీకు.

ఫ్రిస్కో_శీను
టెక్సస్ నుంచి. ఇక్కడి యూట్యూబ్ అంకెలు, అక్కడి అంకెలు కలిపి పోల్చేవాళ్లకి ఒక మాట. అమెరికాలో కొలిచేది 60 మైళ్ల దాకా, అంటే దాదాపు 96.6 కిలోమీటర్లు. మీకేమో నూరు. పైగా ఇక్కడి పెద్ద మ్యాగజైన్లు ‘రోలౌట్’ అని బండి మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలుపెడతాయి. డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన అలవాటు. దాంతో సుమారు 0.3 సెకను కలిసొస్తుంది. టెస్లా కూడా మోడల్ 3 పెర్ఫార్మెన్స్ 2.9 సెకన్లని రాసిన చోటే రోలౌట్ తీసేసిన అంకె అని చిన్న అక్షరాల్లో చెబుతుంది. కాబట్టి ఇక్కడి 330ఐ 5.6 సెకన్లని చూసి అక్కడి బండి నెమ్మది అనుకోవద్దు.

ఇక్కడ ఇదే డబ్బుకి ఎంపిక చాలా ఎక్కువ. జెనెసిస్ జీ70లో 3.3 ట్విన్ టర్బో, 365 హెచ్‌పీ. లెక్సస్ ఐఎస్ 350లో టర్బో లేని 3.5 వీ6, 311 హెచ్‌పీ. అంకెల్లో ఐఎస్ వెనకబడే ఉంటుంది, కానీ ఆ ఇంజను పైకి తిరిగేకొద్దీ వచ్చే శబ్దం ఇప్పటి నాలుగు సిలిండర్లలో వెతికినా దొరకదు. మా ఆవిడ తీసుకున్నది మాత్రం మోడల్ 3. హైవే ఎక్కే ర్యాంపు మీద దాన్ని పట్టుకునే పెట్రోల్ బండి ఈ ధరలో నాకు కనపడలేదు.

బెజవాడ_బెంజ్
మన తెలుగు యూట్యూబ్ వీడియోలకీ ఇదే జబ్బు. స్పీడోమీటర్ మీద కెమెరా పెట్టి, ముల్లు వంద చేరగానే స్టాప్‌వాచ్ ఆపి, ‘కంపెనీ చెప్పిన దానికంటే ఫాస్ట్ గురూ’ అని థంబ్‌నెయిల్. స్పీడోమీటర్ నిజం వేగం కంటే తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 అంటుంది. ఎక్కువ చూపించడానికి మాత్రం పది శాతం, ఇంకో 4 కిలోమీటర్ల దాకా వెసులుబాటు ఉంది. అందుకే కంపెనీలు కాస్త పైకే పెడతాయి. ముల్లు వంద మీదుంటే బండి అసలు వేగం 95, 96 ఉండొచ్చు. జీపీఎస్ పెట్టి కొలిచిన వీడియో అయితేనే చూడండి.

మర్రిపాలెం_మలుపు
పికప్ అంటే స్ట్రెయిట్‌గా ఉరకడమేనా అని మా విశాఖవాళ్ల ప్రశ్న. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లండి, అప్పుడు తెలుస్తుంది. మలుపు మధ్యలో తొక్కితే ముందు చక్రాలు లాగే బండి బయటికి జారాలని చూస్తుంది, ఎందుకంటే తిరగడమూ లాగడమూ రెండూ అవే చెయ్యాలి. ఏ4 మన దేశంలో అమ్మేది ముందు చక్రాలతోనే, క్వాట్రో (నాలుగు చక్రాలకీ పవర్) లేదు. సీ క్లాస్, 3 సిరీస్ వెనక చక్రాలు తోసేవి. మలుపు సగం దాటాక తొక్కితే బండి లోపలికే తిరుగుతుంది.

వర్షంలో తేడా ఇంకా కనిపిస్తుంది. తడి రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఏ4ని గట్టిగా తొక్కితే ముందు టైర్లు కాసేపు ఊరికే తిరుగుతాయి, ట్రాక్షన్ లైటు మిణుకుమంటుంది. అలా అని వెనక చక్రాల బండి వర్షంలో క్షేమం అని కాదు, అది జారితే సర్దుకోవడం ఇంకా కష్టం. ఎలక్ట్రానిక్స్ ఆపేసి హీరోయిజం చేయకపోతే చాలు.

ఛార్జింగ్_చారి
సీల్ గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. 2024 మార్చిలో వచ్చినప్పుడు 41 లక్షల నుంచి 53 లక్షలు. పై వేరియంట్ పెర్ఫార్మెన్స్, 530 పీఎస్, వందకి 3.8 సెకన్లు. మీరు పైన లిస్టు రాసిన బళ్లన్నీ వరసగా నిలబెట్టండి, ఇది వెళ్లి టీ తాగి వస్తుంది. గేర్లు లేవు, టర్బో ల్యాగ్ లేదు, కిక్‌డౌన్ (గట్టిగా తొక్కగానే గేరు దిగడం) అన్న మాటే లేదు. ఆమనగల్లు బస్సు కథ దీనికి అసలు వర్తించదు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండికి 2026 చివరిదాకా రోడ్ ట్యాక్స్ కూడా లేదు. జీఎస్టీ 5 శాతం, పైన రాసిన పెట్రోల్, డీజిల్ బళ్లకేమో 40.

గచ్చిబౌలి_గేర్
చారి గారూ, నేరుగా ఉరకడంలో మీతో వాదన లేదు. కానీ పెర్ఫార్మెన్స్ వేరియంట్ బరువు దాదాపు 2.2 టన్నులు. అదంతా బ్రేకుల మీద, టైర్ల మీద పడుతుంది. పైగా బ్యాటరీ నేల కింద పరిచి ఉంటుంది కాబట్టి వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద సీటు ఆనదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకి గుంటూరు దాకా అలా కూర్చోవడం ఇబ్బంది. కొనేముందు ఆయన్ని షోరూమ్‌కి తీసుకెళ్లి అరగంట కూర్చోబెట్టండి.

ఛార్జింగ్_చారి
మోకాళ్ల మాట ఒప్పుకుంటా. మా అమ్మ ముందు సీటులో కూర్చుంటుంది, అందుకే నాకు తట్టలేదు.

స్టేజ్‌వన్_సతీష్
ఇంత లెక్క ఎందుకు బ్రో. సెకండ్ హ్యాండ్ 330ఐ తీసుకో, రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ ప్రోగ్రాం మార్పు) కొట్టించు, మూడొందల హార్స్‌పవర్ దాటిపోతుంది. ఓఆర్‌ఆర్ మీద రాత్రి పూట ఒక పుల్ వేస్తే…

నిర్వాహకుడు
సతీష్ గారూ, మిగతా పోస్టు తీసేశాను. ఓఆర్‌ఆర్ మీద మొదటి రెండు వరసల్లో వేగ పరిమితి 120, మిగతా రెంటిలో 80. అంతకు మించిన వేగాల గురించి ఇక్కడ గొప్పలు చెప్పుకోవద్దు. వందకీ నూట నలభైకీ తేడా నలభై అనిపిస్తుంది కానీ బ్రేకులు చల్లార్చాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. సరదా తీర్చుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, ట్రాక్ డేలు చూసి వెళ్లండి. రీమ్యాప్ చేయిస్తే వారంటీ పోతుందని, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ప్రశ్నలు వస్తాయని కొత్తవాళ్లు గుర్తుంచుకోండి.

స్టేజ్‌వన్_సతీష్
సారీ అడ్మిన్ గారూ. ట్రాక్ డేకి ఎవరైనా వస్తే చెప్పండి, నిజంగానే వెళ్దాం.

పాత_క్లచ్
బీఎండబ్ల్యూ ఎం340ఐ పేరు ఎవరూ ఎత్తరేంటి? 2021లో చెన్నై ప్లాంటులో అసెంబుల్ చేసి 62.90 లక్షలకి ఇచ్చినప్పుడు అదొక వింత. ఆరు సిలిండర్లు, 387 పీఎస్, 500 ఎన్‌ఎం, నాలుగు చక్రాలకీ పవర్, 4.4 సెకన్లు. ఇప్పుడు కొత్తది నవీన గారి బడ్జెట్ దాటిపోతుంది, కానీ పాతవి మార్కెట్లో తిరుగుతున్నాయి.

గచ్చిబౌలి_గేర్
నా మనసులో మాట. ఒక్కరికే అయితే కళ్లు మూసుకుని అదే. కాకపోతే పాతది కొనేటప్పుడు టైర్లు చూడండి. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవి కాకపోతే యజమాని ఖర్చుకి వెనకాడాడని అర్థం. సర్వీసు రికార్డు మొత్తం చదవండి. సతీష్ లాంటివాళ్ల చేతిలో తిరిగి, అమ్మేముందు మళ్లీ మామూలు మ్యాప్ వేసిన బండి కావచ్చు కూడా. (సతీష్, ఏమనుకోకు తమ్ముడూ.)

బెజవాడ_బెంజ్
ఎండల సంగతి కూడా చెప్పాలి. మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం పూట ఏ టర్బో పెట్రోల్ బండీ దాని అంకె అది చేరదు. పీల్చే గాలే వేడి, ట్రాఫిక్‌లో కాసేపు నిలబడితే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కిపోతుంది. ఇంజను దడదడలాడకుండా కంప్యూటరే స్పార్క్ ఇచ్చే సమయాన్ని వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది. 95 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే కొంత నయం. ఈ20లో ఆక్టేన్ బాగానే ఉంటుంది కానీ ఎథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ కాస్త దిగుతుంది. ఉదయం ఆరింటికి టెస్ట్ డ్రైవ్ ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు కానీ, అసలు బండి అప్పుడే తెలుస్తుంది.

నిజాంపేట_నవీన
అందరికీ థాంక్స్. మూడూ నడిపి వచ్చాను. సీల్‌లో నాన్నగారు ఐదు నిమిషాలు కూర్చుని, ‘ఇది వద్దమ్మా’ అని దిగిపోయారు, దాంతో ఆ కథ అక్కడే ముగిసింది.

ఒక షోరూమ్‌వాళ్లు టెస్ట్ డ్రైవ్ అని జూబ్లీహిల్స్ గల్లీల్లో తిప్పి, యాభై దాటగానే ‘మేడమ్, మేడమ్’ అని సీటు పట్టుకున్నారు. పేరు చెప్పను. మిగతా రెండు చోట్లా ఓఆర్‌ఆర్ దాకా వెళ్లనిచ్చారు.

గేర్ గారు ఏ4 ఆలస్యం గురించి రాసింది నాకూ తెలిసింది, కానీ నాకు వర్టస్‌లో డీఎస్‌జీ (అదీ డ్యూయల్ క్లచ్చే) అలవాటు కాబట్టి పెద్ద ఇబ్బంది అనిపించలేదు. స్టీరింగ్ తేలిక, క్యాబిన్‌లో నిశ్శబ్దం, నూటఇరవైలో కూడా మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. సీ200 లోపల కూర్చుంటే దిగాలనిపించదు. గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఆ అరుపు నిజమే.

330ఎల్‌ఐలో నాకు ఆశ్చర్యం కలిగించింది పికప్ కాదు, అది ఉంటుందని తెలుసు. వెనక సీటు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2961 మిల్లీమీటర్లు. ఏ4ది 2820 దరిదాపు, సీ క్లాస్‌ది 2865. నాన్నగారు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. సర్వీసు రోడ్డు గుంతల్లో ఏ4 కంటే కాస్త ఎక్కువ కుదుపే ఉంది, టైర్ల గోడలు గట్టిగా ఉన్నట్టున్నాయి. ఆయన మాత్రం ఏమీ అనలేదు. నేను ఎగ్జిట్ దగ్గర కాస్త తొక్కినప్పుడు, ‘ఇంకొంచెం పోనీ’ అన్నారు. మా నాన్న నోట ఆ మాట నేను పుట్టాక వినలేదు.

డీజిల్_మామ
పెద్దాయన ఓటేశాక ఇంకేం చర్చ! బుక్ చేసెయ్యమ్మా.

మర్రిపాలెం_మలుపు
రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) వేసి ఇస్తున్నారేమో అడగండి. అవైతే కుదుపు వాటిదే. అరిగాక మామూలు టైర్లు వేయించుకునేవాళ్లున్నారు, రైడ్ మెత్తబడుతుంది, కానీ పంక్చరైతే నిదానంగా ఇల్లు చేరే వీలు పోతుంది, స్టెప్నీ చూసుకోవాలి. ఇంకో సంగతి, అంత పొడుగు వీల్‌బేస్ బండికి ఎత్తు స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట తగిలే అవకాశం ఎక్కువ. మీ కాలనీ గేటు దగ్గర బ్రేకర్ ఎంత ఎత్తుందో టెస్ట్ కారుతోనే ఒకసారి దాటించి చూడండి, నలుగురిని ఎక్కించుకుని.

నిజాంపేట_నవీన
దాటించాను, అమ్మానాన్నా తమ్ముడితో సహా. ఏటవాలుగా ఎక్కిస్తే తగల్లేదు. నేరుగా ఎక్కించే ధైర్యం చేయలేదు. బుకింగ్ అయిపోయింది, నీలం రంగు.

గచ్చిబౌలి_గేర్
శుభం! మొదటి 2000 కిలోమీటర్లు మాత్రం రన్‌ఇన్, అంటే ఇంజను కుదురుకునే కాలం: కిక్‌డౌన్ వద్దు, ఫుల్‌గా తొక్కొద్దు, 4500 ఆర్‌పీఎం దాటించొద్దు. బీఎండబ్ల్యూ మాన్యువల్‌లోనే ఉంటుంది.

నిజాంపేట_నవీన
అంటే పికప్ కోసం ఇంత చదివి, 258 పీఎస్ కొని, గుంటూరు నాలుగుసార్లు వెళ్లొచ్చేదాకా బస్సు వెనకే పోవాలా?

డీజిల్_మామ
అందుకే డీజిల్ తీసుకోమన్నది.

బెజవాడ_బెంజ్
మామా, రన్‌ఇన్ దానికీ ఉంటుంది.